ఫిట్‌నెస్ తనిఖీకి పదహారు రోజులే ఉంది, పోయినేడు ఫెయిలైన బండి, ముందు ఏమేం చూసుకోవాలి?

వంకరవైపర్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది పదకొండేళ్ళ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ తనిఖీకి సరిగ్గా పదహారు రోజులుంది. పోయినేడు రెండింటికి ఫెయిల్ చేశారు. ఒకటి వెనక నంబర్ ప్లేటు మీద వెలగాల్సిన చిన్న బల్బు, రెండోది హ్యాండ్‌బ్రేక్. హ్యాండ్‌బ్రేక్ సంగతి సరే, తప్పు నాదే, కానీ వేలెడంత లేని బల్బు కోసం మళ్ళీ సెలవు పెట్టి మళ్ళీ లైన్లో నిలబడటం మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఈసారి ఇంట్లోనే ముందు చూసుకుని వెళ్దామని. నాకు చక్రం మార్చడం వచ్చు, వాషర్ నీళ్ళు పోయడం వచ్చు, అంతకుమించి చేతకాదు. ఇప్పుడు నాకు తెలిసిన లోపాలు ఇవి: స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోతుంటే ముందు కుడివైపు నుంచి టకటకమని చప్పుడు, హెడ్‌లైట్లు పచ్చకామెర్లు వచ్చినట్టు అయిపోయాయి, వారం నుంచి ఇంజన్ లైట్ ఒకసారి వెలుగుతోంది ఒకసారి ఆరిపోతోంది. ఏది ముందు పట్టుకోవాలి?

మూడోగేరు | శనివారం, రాత్రి 10:05

ఇంజన్ లైట్‌కి అంత టెన్షన్ ఎందుకు బ్రదర్. వెళ్ళే రోజు పొద్దున బ్యాటరీ నెగటివ్ తీగ పది నిమిషాలు తీసేసి మళ్ళీ పెట్టు, లైట్ పోతుంది. టైర్లు అరిగుంటే ఫ్రెండు బండివి ఆ రోజుకి వేసుకెళ్ళు. నేను రెండేళ్ళు అలాగే లాగించా.

గ్రీజుచేతులు | శనివారం, రాత్రి 11:20

మూడోగేరు గారు చెప్పినట్టు మాత్రం చేయకండి, చేస్తే అచ్చంగా దానికే దొరికిపోతారు. నేను చాలా ఏళ్ళు తనిఖీ లైన్లో పనిచేశాను, ఇప్పుడు సొంతంగా షెడ్డు చూసుకుంటున్నా.

బ్యాటరీ తీగ తీసినా, స్కానర్‌తో కోడ్ చెరిపినా లైట్ ఒక్కటే పోదు. కారు కంప్యూటర్ తన భాగాలను తనే పరీక్షించుకుని పెట్టుకున్న ఫలితాలు కూడా పోతాయి. వాటిని రెడీనెస్ మానిటర్లు అంటారు. కెటలిటిక్ కన్వర్టర్‌కి (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) ఒకటి, ఆక్సిజన్ సెన్సార్లకి ఒకటి, పెట్రోల్ ఆవిరి పట్టే వ్యవస్థకి ఒకటి, ఇలా ఉంటాయి. ఓబీడీ సాకెట్‌లో (కారు కంప్యూటర్‌తో మాట్లాడే ప్లగ్గు) స్కానర్ పెట్టి చూసే చోట ఇవన్నీ "ఇంకా పూర్తికాలేదు" అని కనిపిస్తే, పొద్దున్నే ఎవరో కోడ్ చెరిపేసి వచ్చారని వాళ్ళకి చెప్పకుండానే తెలిసిపోతుంది. తిప్పి పంపిస్తారు. అవి మళ్ళీ సిద్ధం కావాలంటే కొన్ని రోజులు మామూలుగా నడపాలి. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ని పొద్దున స్టార్ట్ చేయాలి, కాసేపు ఐడిల్‌లో ఉంచాలి, కాసేపు ఊళ్ళో, కాసేపు హైవే మీద ఒకే వేగంతో పోవాలి. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా ఆవిరి పరీక్ష చాలా బళ్ళలో మొదలే కాదు, పావుకీ ముప్పావుకీ మధ్య ఉంచండి.

అందుకని మీ మూడింటిలో మొదట పట్టుకోవాల్సింది ఇంజన్ లైటే. దానికే టైమ్ పడుతుంది. రేపే ఎవరి దగ్గరైనా స్కానర్ తీసుకుని కోడ్ చదివించండి. చెరిపించకండి, చదివించండి.

టకటక గురించి: కుడి ముందు చక్రం వెనక చేతులు పెట్టి చూస్తే ముడతలు ముడతలుగా నల్లటి రబ్బరు బూటు ఉంటుంది, అకార్డియన్ తిత్తిలాగా. అది చిరిగి, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మినట్టుంటే లోపల సీవీ జాయింట్‌లోకి (చక్రం పక్కకి మళ్ళినా ఇంజన్ శక్తిని అందించే కీలు) దుమ్ము పోయిందని అర్థం. చప్పుడు రాకముందే బూటు చిరగడం కనిపెడితే బూటు, గ్రీజు మార్చుకుంటే చాలు. చప్పుడు మొదలయ్యాక చాలావరకు జాయింటే మార్చాలి.

వంకరవైపర్ | ఆదివారం, ఉదయం 8:15

అన్నా, ఇప్పుడే వెళ్ళి చూశా. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి, ఫోన్ లైట్ వేసి చూస్తే బూటుకి అడ్డంగా నోరు తెరుచుకుని ఉంది. చక్రం లోపలి రిమ్ముకి, పైన షాక్ అబ్జార్బర్ కడ్డీకి కూడా నల్లగా గ్రీజు పేరుకుపోయి, దాని మీద మట్టి. ఎన్నాళ్ళ నుంచి ఉందో. ఎడమవైపుది బాగానే ఉంది.

డిక్కీలో_స్పానర్ | ఆదివారం, ఉదయం 9:02

స్టీరింగ్ తిప్పి చూశారు కదా, అదే చూపుతో టైరు లోపలి అంచు కూడా చూడండి. అందరూ బయటి అంచు చూసి టైర్లు బానే ఉన్నాయనుకుంటారు. అలైన్‌మెంట్ తప్పిన బండికి లోపలి అంచు నున్నగా అయిపోయి, కొన్నిసార్లు లోపలి తీగలు కూడా బయటపడతాయి, బయటివైపు మాత్రం ట్రెడ్ నిక్షేపంగా ఉంటుంది. నా బండికి సరిగ్గా ఇదే జరిగింది, లిఫ్ట్ ఎక్కించాక గానీ నాకు తెలియలేదు.

ట్రెడ్ లోతు చాలా దేశాల్లో కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కొలిచే పరికరం అక్కర్లేదు, ప్రధాన గాడుల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి, అవి అదే ఎత్తుకి పోసినవి. ట్రెడ్ ఆ గట్టుతో సమానమైందంటే టైరు అయిపోయినట్టే. పక్కగోడ మీద ఉబ్బు, కోత ఉంటే ట్రెడ్ ఎంత ఉన్నా మార్చాల్సిందే. తయారీ తేదీ కూడా అక్కడే నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఒకే యాక్సిల్ మీద రెండు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. స్టెప్నీ తగిలించుకుని తిరిగేవాళ్ళు ఇక్కడే దొరుకుతారు.

ఇక ఫ్రెండు టైర్లు వేసుకెళ్ళే సలహా గురించి నేనేమీ అనను, వర్షంలో బ్రేక్ వేసినప్పుడు ఆ ఫ్రెండు పక్క సీట్లో ఉంటే బాగుంటుంది.

మూడోగేరు | ఆదివారం, ఉదయం 9:30

సరే సరే, వెనక్కి తీసుకుంటున్నా 😄 టైర్లు మార్చుకున్నా లెండి ఈమధ్యే.

కొత్తలైసెన్స్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

నేను మొదటిసారి తీసుకెళ్ళబోతున్నాను, నాదీ సెకండ్ హ్యాండే. ఒక చిన్న డౌట్. బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో ఒక్కదాన్నే ఉంటే ఎలా చూసుకోవాలి? ప్రతిసారీ పక్కింటివాళ్ళని పిలిచి వెనక నిలబడమనాలంటే మొహమాటంగా ఉంది.

రాత్రి_డ్రైవర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:45

చీకటి పడ్డాక బండిని గోడకి వెనక్కి ఆనించినట్టు నిలపండమ్మా, ఒక రెండడుగుల దూరంలో. బ్రేక్ తొక్కి అద్దాల్లో చూస్తే గోడ మీద రెండు ఎర్ర మరకలు పడతాయి. పైన మూడో లైట్ కూడా ఉంటుంది, అది వెనకద్దం మీదే కనిపిస్తుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. రివర్స్ గేర్ వేస్తే తెల్లవెలుగు, ఫాగ్ లైట్ వేస్తే ఇంకాస్త గట్టి ఎరుపు. ముందుకి తిప్పి అదే గోడకి హెడ్‌లైట్లు కూడా చూసుకోవచ్చు.

చూసేటప్పుడు రెండు విషయాలు కనిపెట్టండి. ఇండికేటర్ ఒకవైపు మామూలు కంటే గబగబా కొట్టుకుంటోందంటే ఆవైపు ఒక బల్బు పోయినట్టు. బ్రేక్ తొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందంటే బల్బు తప్పు కాదు, ఆ దీపం సెట్టుకి ఎర్త్ సరిగ్గా అందక కరెంటు ఇంకో బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. ఎర్త్ బోల్టు విప్పి తుప్పు గీకి బిగిస్తే పోతుంది. జనం మూడు బల్బులు మార్చాక ఈ సంగతి తెలుసుకుంటారు, నేను నాలుగు మార్చాను.

ఇంకోటి. ఇండికేటర్ అద్దం తెల్లగా ఉండే బళ్ళలో బల్బుకే నారింజ రంగు పూత ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూత పెచ్చులూడి తెల్లగా మెరుస్తుంది. వెలుగుతోంది కదా అని మనం అనుకుంటాం, రంగు తప్పని వాళ్ళు ఫెయిల్ చేస్తారు.

కొత్తలైసెన్స్ | ఆదివారం, రాత్రి 8:20

చూశాను. ఎడమ వెనక ఇండికేటర్ సగం తెల్లగా సగం నారింజ! చాలా థ్యాంక్సండీ, ఇది నా అంతట నేను కలలో కూడా పట్టుకునేదాన్ని కాదు.

వంకరవైపర్ | సోమవారం, రాత్రి 7:55

కోడ్ చదివించాను. రెండో ఆక్సిజన్ సెన్సార్, అంటే కన్వర్టర్ తర్వాత ఉండేది, దాని హీటర్ సర్క్యూట్ అని వచ్చింది. మెకానిక్ సెన్సార్ మార్చాలన్నాడు. మార్చేయమనమంటారా? కన్వర్టర్ పోయిందేమోనని భయపడ్డాను.

గ్రీజుచేతులు | సోమవారం, రాత్రి 8:40

కన్వర్టర్ గురించి కోడ్ ఏమీ చెప్పలేదు, భయపడకండి. హీటర్ సర్క్యూట్ అన్నప్పుడు సెన్సారే కావచ్చు, దాని తీగ కావచ్చు, ఫ్యూజ్ కావచ్చు. మీది వెలిగి ఆరుతోందన్నారు కాబట్టి తీగ మీదే నా అనుమానం. సెన్సార్ నుంచి వచ్చే తీగ సైలెన్సర్ గొట్టానికి తగిలి కాలిందేమో, ప్లగ్గులో పచ్చగా కిలుమెక్కిందేమో ముందు చూడమనండి. మల్టీమీటర్‌తో హీటర్ రెండు పిన్నుల మధ్య కొలిస్తే సెన్సార్ బతికుందో లేదో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కొలవకుండా పార్ట్ మార్చే మెకానిక్‌కి "ముందు ఒకసారి కొలవండి" అని చెప్పడంలో తప్పేమీ లేదు, మర్యాదగానే చెప్పండి.

బాగు చేశాక కోడ్ చెరిపించుకోవచ్చు, ఇంకా పద్నాలుగు రోజులుంది, మానిటర్లు సిద్ధం కావడానికి సరిపోతుంది.

డీజిల్_బాబాయ్ | సోమవారం, రాత్రి 9:30

డీజిల్ వాళ్ళ సంగతి కూడా ఒక ముక్క చెబుతాను. మాకు పొగ పరీక్షలో ఇంజన్‌ని ఒక్కసారిగా పూర్తి వేగానికి తొక్కుతారు, అదీ ఒకటికి నాలుగుసార్లు. అందుకే దానికి ముందు ఆయిల్ మట్టం చూసుకోవాలి, టైమింగ్ బెల్ట్ గడువు దాటలేదని నిర్ధారించుకోవాలి. పరీక్షలో బెల్ట్ తెగితే ఇంజన్ మనదే, నష్టమూ మనదే.

ఊళ్ళోనే రోజూ రెండు కిలోమీటర్లు తిరిగే డీజిల్ బండి గొట్టం నిండా మసి ఉంటుంది. తనిఖీకి ముందు రెండుమూడు రోజులు, ఒక అరగంట చొప్పున, హైవే మీద కాస్త ఎక్కువ ఆర్‌పీఎంలో లాగండి. ఎయిర్ ఫిల్టర్ మురికిగా ఉంటే మార్చండి, గాలి చాలకపోతే నల్లపొగ తప్పదు. వెళ్ళేటప్పుడు ఇంజన్ పూర్తిగా వేడిగా ఉండాలి. ఇంటికీ సెంటర్‌కీ మధ్య పది నిమిషాల దూరమే అయితే చుట్టూ తిరిగి వెళ్ళండి బాబూ, ఏమీ పోదు.

గ్రీజుచేతులు | సోమవారం, రాత్రి 9:52

బాబాయ్ చెప్పిన వేడి సంగతి పెట్రోల్‌కీ అంతే ముఖ్యం. కన్వర్టర్ సుమారు 250 నుంచి 300 డిగ్రీలు దాటితే గానీ పని మొదలుపెట్టదు. చల్లటి బండిని నేరుగా మెషీన్ దగ్గరకి తెస్తే మంచి కన్వర్టర్ కూడా చెడ్డదానిలా కనిపిస్తుంది. లైన్లో గంట సేపు ఇంజన్ ఆపి నిలబెట్టినా అదే. మీ వంతు దగ్గరపడ్డాక స్టార్ట్ చేసి కాసేపు రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి.

ఇంకొక తిరకాసు చెబుతాను. సైలెన్సర్ గొట్టం జాయింట్ దగ్గర చిన్న లీకు ఉంటే పొగ బయటికి పోవడమే కాదు, పొగ విడతకీ విడతకీ మధ్య బయటి గాలి లోపలికి కూడా పోతుంది. అప్పుడు మెషీన్‌కి ఆక్సిజన్ ఎక్కువగా కనిపించి లాంబ్డా (గాలీ పెట్రోలూ సరైన పాళ్ళలో ఉన్నాయో చెప్పే అంకె, సరిగ్గా ఉంటే 1) 1.03 దాటిపోతుంది. చాలాచోట్ల 0.97కీ 1.03కీ మధ్యే ఉండాలి. ఇంజన్ కులాసాగా ఉంటుంది, కాగితం మీద మాత్రం ఫెయిల్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని గొట్టం చివర ఒక్క రెండు క్షణాలు మూయండి. ఎక్కడైనా బుస్‌మని వినిపిస్తే లీకు అక్కడే. వేడిమీద చేయకండి, గ్యారేజీ తలుపులు మూసి అసలే చేయకండి.

మూడోగేరు | మంగళవారం, ఉదయం 7:10

ఇన్ని చూసుకునే బదులు నేరుగా తీసుకెళ్ళి, ఏది ఫెయిలంటే అది బాగు చేయించుకుంటే పోలా? వాళ్ళే లిస్టు రాసిస్తారుగా.

డిక్కీలో_స్పానర్ | మంగళవారం, ఉదయం 7:48

దానికీ ఒక లెక్కుంది, కాదనను. నిజంగా ఏమీ తెలియనివాళ్ళు గడువుకి మూడు నాలుగు వారాల ముందు వెళ్ళి ఆ లిస్టు తెచ్చుకోవడం మంచి పద్ధతే. కానీ చాలామంది ఆఖరి రోజు వెళ్తారు. అప్పుడు ఫెయిలైతే బండి ఇంట్లో, మనం బస్సులో. పైగా ఆ తొందరలో మెకానిక్ ఎంత చెబితే అంత ఒప్పుకోవాలి.

అదీగాక తనిఖీ వేరు, సర్వీసింగ్ వేరు. వాళ్ళు చక్రం విప్పరు, బ్రేక్ ప్యాడ్ ఎంత మిగిలిందో చాలాసార్లు కనిపించినంతవరకే చూస్తారు. ఆయిల్ ఎప్పుడు మార్చావని అడగరు. పాసైన కాగితం బండి ఆ రోజు అలా ఉందని మాత్రమే చెబుతుంది.

వంకరవైపర్ | గురువారం, రాత్రి 10:15

అప్‌డేట్. తీగే! గ్రీజు అన్నా, మీకు దండం. గొట్టానికి ఆనుకుని ఒకచోట తొడుగు కరిగి రాగి తీగ బయటపడింది. అతికించి, వేడి తట్టుకునే తొడుగు వేసి, గొట్టానికి దూరంగా కట్టించాను. సెన్సార్ పాతదే. కుడి సీవీ జాయింట్ మాత్రం మార్పించాల్సి వచ్చింది.

మెకానిక్ చక్రాన్ని పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపాడు, తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపాడు, ఏదో అర్థమైనట్టు తలాడించాడు. నాకు ఏమీ అర్థం కాలేదు, అడగడానికి సిగ్గేసింది.

డిక్కీలో_స్పానర్ | గురువారం, రాత్రి 10:40

గడియారం అనుకోండి. పన్నెండూ ఆరూ దగ్గర పట్టుకుని ఊపితే కదిలిందంటే చక్రం బేరింగో, కింది బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే గుండ్రటి కీలు) వదులైంది. ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టమని మళ్ళీ ఊపండి, కదలిక ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ వైపు చూడాలి. తొమ్మిదీ మూడూ దగ్గర పట్టుకుని ఊపితే టక్కుమని ఆడిందంటే ఎక్కువగా టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కీలు). ఇది మీరూ చేసుకోవచ్చు, కానీ జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టాలి.

షాక్ అబ్జార్బర్లకి బండి మూల నొక్కి వదిలే పరీక్ష అందరూ చెబుతారు, దాంతో పూర్తిగా చచ్చిపోయినదే తెలుస్తుంది. అంతకంటే టార్చి వేసి దాని ఒంటి మీద నూనె కారిన జాడ ఉందా అని చూడటం నయం.

హ్యాండ్‌బ్రేక్ ఏం చేశారు ఈసారి? పోయినేడు కేబుల్ బిగించి వదిలేశారా?

వంకరవైపర్ | గురువారం, రాత్రి 10:58

అవును, కేబులే బిగించారు. ఇప్పుడు మళ్ళీ ఎనిమిది తొమ్మిది క్లిక్కుల దాకా లేస్తోంది.

డిక్కీలో_స్పానర్ | గురువారం, రాత్రి 11:15

అనుకున్నా. వెనక డ్రమ్ బ్రేకులున్న బండికి ముందు డ్రమ్ లోపల షూలు (డ్రమ్‌కి లోపలి నుంచి ఒత్తుకునే బ్రేకు ముక్కలు) సర్దాలి, కేబుల్ సంగతి ఆ తర్వాత. షూకీ డ్రమ్‌కీ మధ్య ఎడం పెరగకుండా లోపల ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉంటుంది, దుమ్ము పట్టి అది బిగుసుకుపోతుంది. దాన్ని వదిలేసి కేబుల్ బిగిస్తే నాలుగు నెలలు బాగుంటుంది, తర్వాత మామూలే. ఇంకా బిగించారంటే లివర్ దించినా షూలు రాసుకుంటూనే ఉంటాయి. డ్రమ్ విప్పించి శుభ్రం చేయించండి, ఎలాగూ షూలని తోసే వీల్ సిలిండర్ కారుతోందో లేదో కూడా తెలుస్తుంది.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తులేదంటే మార్చేయండి. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. రెండేళ్ళకొకసారి అని చాలా మాన్యువళ్ళలో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

బ్రేక్ బూస్టర్‌కి (పెడల్ తేలిగ్గా దిగేలా సాయం చేసేది) ఇంట్లో చేసుకునే పరీక్ష: ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలా తొక్కి పట్టి స్టార్ట్ చేయండి. పాదం కింద పెడల్ కొంచెం దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు.

స్టెప్నీ_కింద | శుక్రవారం, ఉదయం 11:30

ఇన్ని మాట్లాడుకున్నారు, నేను ఫెయిలైన కారణం ఎవరూ చెప్పలేదు. వెనక సీటు మధ్య బెల్టు. కారు కొన్నప్పుడు దిట్టంగా సీటు కవర్లు కుట్టించాం, ఆ మూడో బెల్టు బకిల్ కవరు కింద సమాధి అయిపోయింది. ఆరేళ్ళు. తనిఖీ ఆయన "ఇదెక్కడండీ" అంటే నేనూ ఆయనా కలిసి సీటు సందులో చేతులు పెట్టి వెతికాం, ఒక పెన్ను, రెండు గోళీలు, మా అమ్మాయి రబ్బరు బ్యాండు దొరికాయి, బకిల్ మాత్రం దొరకలేదు. ప్రతి బెల్టూ పూర్తిగా బయటికి లాగి పోగులు లేచాయేమో చూడండి, గట్టిగా గుంజితే లాక్ అవుతోందా, వదిలితే తనంతట లోపలికి పోతోందా చూడండి.

కొత్తలైసెన్స్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:05

మా బండిలోనూ కవర్ల కిందే ఉందండీ 🙈 ఇప్పుడే కత్తెర పట్టుకుని కూర్చున్నాను.

రాత్రి_డ్రైవర్ | శుక్రవారం, రాత్రి 9:20

వంకరవైపర్ గారూ, హెడ్‌లైట్ల సంగతి వదిలేశారు. టూత్‌పేస్ట్‌తో రుద్దమని ఎవరైనా చెబితే అది వారం ముచ్చటే. పసుపెక్కింది పైనున్న రక్షణ పూత ఎండకి పాడైపోయి. వెయ్యి నంబరు నీటి గరుకు కాగితంతో (వాటర్ పేపర్) మొదలుపెట్టి, రెండు వేలు, మూడు వేలు, నీళ్ళు చల్లుకుంటూ రుద్దాలి. మొదటి కాగితం తర్వాత పాలలాగా తెల్లగా అయిపోయి పాడుచేశాననిపిస్తుంది, భయపడకండి, పాలిష్‌తో తేరుకుంటుంది. చివర యూవీ పూత వేయకపోతే కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వస్తుంది. చుట్టూ పెయింటు మీద టేపు అంటించుకోవడం మరవకండి.

మసకగా ఉందని హాలోజన్ గూట్లో ఎల్ఈడీ బల్బు మాత్రం పెట్టకండి. ఆ గూడు వెనక అద్దం వంపు హాలోజన్ ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి చేసింది. వెలుగు పుట్టే చోటు మారితే కిందకి పడాల్సింది ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, బీమ్ పరీక్షలో గీత చెదిరి కనిపిస్తుంది. లో బీమ్ సాధారణంగా ఒక శాతం కిందకి వాలాలి, అంటే గోడకి 5 మీటర్ల దూరంలో నిలిపితే వెలుగు అంచు దీపం మధ్య ఎత్తు కంటే 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డిక్కీ ఖాళీ చేయాలి. లోపల హెడ్‌లైట్ ఎత్తు సర్దే చిన్న చక్రం ఉంటే సున్నా దగ్గర పెట్టి కొలవండి.

గ్రీజుచేతులు | శనివారం, ఉదయం 6:50

ఇంకొన్ని గబగబా. తాళం తిప్పగానే ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ దీపాలు ఒకసారి వెలిగి ఆరాలి. ఆరకపోయినా తప్పే, అసలు వెలగకపోయినా తప్పే, దీపం పీకేశారనుకుంటారు. వైపర్లు గీతలు మిగల్చకూడదు (మీ పేరు చూస్తే అనుమానంగా ఉంది). వాషర్ నీళ్ళు అద్దానికి తగలాలి, బానెట్‌కి కాదు. డ్రైవర్ ఎదురుగా వైపర్ తిరిగే చోట పగులుంటే చాలాచోట్ల ఒప్పుకోరు. ఛాసిస్ నంబరు మట్టి తుడిచి చదవగలిగేలా ఉంచండి, కాగితాల్లో నంబరుతో ఒకసారి పోల్చుకోండి. కింద గుమ్మం పట్టీల దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే ఇనుము, మొద్దుగా వినిపిస్తే లోపల తుప్పు.

బండి కడిగి తీసుకెళ్ళండి. బురద పట్టిన బండి కిందకి తల వంచి చూసే మనిషి మూడ్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

వంకరవైపర్ | తర్వాతి మంగళవారం, మధ్యాహ్నం 3:30

పాస్!! ఇంజన్ లైట్ లేదు, మానిటర్లన్నీ సిద్ధంగా ఉన్నాయి, నంబర్ ప్లేటు బల్బు దేదీప్యమానం. హ్యాండ్‌బ్రేక్ ఐదు క్లిక్కులకే పట్టింది. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

ఒక్క అనుమానం. రోలర్ల మీద బ్రేక్ పరీక్ష కాగితం ఇచ్చారు. బ్రేక్ పట్టే బలం ముందు ఎడమ 2.1 కిలోన్యూటన్లు, ముందు కుడి 1.6 అని ఉంది. వెనక రెండూ 1.1. పాసైంది కాబట్టి వదిలేయొచ్చా?

గ్రీజుచేతులు | మంగళవారం, సాయంత్రం 5:15

శుభం. కానీ వదిలేయకండి. ఎడమకీ కుడికీ తేడా అర కిలోన్యూటన్, పెద్దదాంతో భాగిస్తే దాదాపు 24 శాతం. చాలాచోట్ల హద్దు 30, అందుకే పాసైంది. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బండి కొంచెం ఎడమకి లాగుతోందా?

వంకరవైపర్ | మంగళవారం, సాయంత్రం 5:40

మీరు అడిగాక ఆలోచిస్తే, అవును. రోడ్డు వాలు అనుకునేవాణ్ణి.

గ్రీజుచేతులు | మంగళవారం, సాయంత్రం 6:05

కుడి ముందు చక్రం విప్పి రెండు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జారే పిన్నులు ఎండిపోతే లోపలి ప్యాడే పనిచేస్తుంది, బయటిది ఊరికే కూర్చుంటుంది. సీవీ జాయింట్ మార్చినప్పుడే ఆ క్యాలిపర్ విప్పి ఉంటారు, అప్పుడే చూసి ఉండాల్సింది.

వంకరవైపర్ | ఆదివారం, ఉదయం 10:20

నేనే విప్పాను, స్టాండ్లు పెట్టే. లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు, బయటిది 7. కింది పిన్ను చేత్తో రాలేదు, పైపు రెంచితో తిప్పుతూ లాగితే తుప్పుతో గోధుమరంగుగా బయటికొచ్చింది, దాని రబ్బరు తొడుగు చిరిగి ఉంది. కొత్త పిన్నులు, తొడుగులు, బ్రేక్ పిన్నులకి వాడే సిలికాన్ గ్రీజు తెచ్చాను. ప్యాడ్లు రెండువైపులా మార్చాను. ఇప్పుడు క్యాలిపర్‌ని ఒక వేలితో తోస్తే జారుతోంది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుని బ్రేక్ వేసి చూశా, తిన్నగా ఆగింది.

మూడోగేరు | ఆదివారం, ఉదయం 11:02

పిన్నులకి ఏ గ్రీజు అన్నావు బ్రో? నాదీ ఎడమకి లాగుతోంది.